అత్తయ్య పంచాంగం, నా హార్డ్ డిస్కు

మా ఇల్లు బెజవాడ చిట్టినగర్ కొండ మీద. ఆటో దిగాక 64 మెట్లు ఎక్కాలి. ముహూర్తం రాత్రి రెండున్నరకైతే నేను ఇల్లు చేరేసరికి తెల్లవారుజాము నాలుగున్నర, ఒక్కోసారి ఐదు. భుజానికి కెమెరా బ్యాగు, ఒక చేతిలో లైటు స్టాండు, రెండో చేతిలో పెళ్లివాళ్లిచ్చిన తాంబూలం సంచి. ముప్పయ్యో మెట్టు దగ్గర చిన్న మలుపు. అక్కడ కాసేపు ఆగేదాన్ని. కింద వన్‌టౌన్ అంతా నిద్రలో ఉండేది. రైల్వేస్టేషన్ లైట్లు మాత్రం వెలుగుతుండేవి. పైన గడప మీద మా అత్తయ్య కూర్చుని ఉండేవారు.

"వచ్చావా" అనేవారు కాదు. "తాళి ఎన్నింటికి కట్టాడు?" అని అడిగేవారు. పెట్టిన ముహూర్తానికే కట్టించారో, వీడియో వాళ్ల కోసం ఆపారో ఆవిడకి తెలియాలి. ఆలస్యమైందని చెప్తే "ప్చ్" అని లేచి లోపలికెళ్లి కాఫీ కలిపేవారు. ఆ పెళ్లికూతురెవరో ఆవిడకి తెలియదు. అయినా నేనే ఆలస్యం చేయించినట్టు నా మీద కోపం. నిజం చెప్పాలంటే కొన్నిసార్లు నేనే చేయించాను.

ఇదంతా తర్వాతి సంగతి. మొదట్లో ఈ పనంటే ఆవిడకి అస్సలు గిట్టేది కాదు.

2004 నుంచి తొమ్మిదేళ్లు నేను వస్త్రలతలో ఒక హోల్‌సేల్ చీరల షాపులో ఎకౌంట్స్ రాశాను. పొద్దున తొమ్మిదిన్నరకి వెళ్తే రాత్రి ఎనిమిదిన్నర. ట్యాలీ, వ్యాట్ రిటర్నులు, రాని చెక్కుల కోసం ఫోన్లు. మా వారు ఆర్టీసీలో కండక్టరు. బాబు 2002లో పుట్టాడు, పాప 2006లో. మా వారి డ్యూటీ ఛార్టు ఒకవైపు, నా షాపు ఇంకోవైపు, మధ్యలో పిల్లల్ని పెంచింది అత్తయ్యే.

కెమెరా నేను కోరుకుని పట్టుకున్నది కాదు. 2008లో మా సేఠ్‌గారు అరచేతిలో పట్టే డిజిటల్ కెమెరా ఒకటి కొన్నారు. కొత్త చీరలు ఫొటోలు తీసి రాజమండ్రి, నెల్లూరు పార్టీలకి మెయిల్ చేస్తే వాళ్లు బెజవాడ రాకుండానే ఆర్డర్లిస్తారని ఆయన ఆలోచన. దాన్ని ఎలా వాడాలో షాపులో ఎవరికీ తెలీదు. "కంప్యూటర్ అమ్మాయికివ్వండి" అన్నారు. కంప్యూటర్ తెలిస్తే అన్నీ తెలిసినట్టే అప్పట్లో.

మొదటి నెలలోనే ఒక బేలు వెనక్కి వచ్చింది. వంకాయ రంగు చీరలు. ఫొటోలో నీలంగా కనపడ్డాయట, వాళ్లు నీలం అనుకుని ఆర్డరిచ్చారట. సేఠ్‌గారు ఆ బేలుని నా టేబుల్ పక్కన పెట్టించి వెళ్లిపోయారు. నోటితో ఒక్క మాట అనలేదు. రెండు వారాలు అది అక్కడే ఉంది.

ఆ రెండు వారాల్లో నేర్చుకున్నదే నా చదువు. షాపులో ట్యూబ్‌లైట్ల కింద తీస్తే అన్నిటికీ ఒక ఆకుపచ్చ జీర తిరుగుతుంది. మన కన్ను దాన్ని సరిచేసుకుంటుంది, కెమెరా చేసుకోలేదు. తెలుపంటే ఏదో దానికి మనం చూపించాలి. నేను షాపులో ఉన్న తెల్ల పంచె ఒకటి విప్పి, దాన్ని కెమెరాకి చూపించి, "ఇదీ తెలుపు" అని చెప్పి, అప్పుడు చీర తీసేదాన్ని. వంకాయ రంగు అలాక్కూడా లొంగలేదు. చివరికి చీరల్ని డాబా మీదికి మోయించి, మధ్యాహ్నం నీడపట్టున తీస్తే దారికొచ్చింది. నెమలికంఠం రంగు మాత్రం ఇప్పటికీ నాకు లొంగలేదు. ఎవరికైనా లొంగితే చెప్పండి.

తర్వాత ఎప్పుడు చీర మీంచి మనుషుల మీదికి చూపు మళ్లిందో చెప్పలేను. డాబా మీద చీర పట్టుకుని నిలబడే కుర్రాళ్ల మొహాలు ఫ్రేములో పడకుండా తీయాలి కదా. నాకేమో ఆ మొహాలే కావాలనిపించేది.

2011లో రెండు గాజులు తాకట్టు పెట్టి సెకండ్‌హ్యాండ్ నికాన్ డి90 కొన్నాను. గాజులు నావే, అయినా పెట్టింది అత్తయ్య. ఆ రోజు ఆవిడ అన్నం తినలేదు. మా వారు మటుకు కెమెరాని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత బరువుంది, టికెట్ మిషనే నయం" అన్నారు. ఆయన ఒప్పుకున్నట్టే లెక్క.

మొదటి పని మా వీధిలో ఒక పిల్ల ఓణీల ఫంక్షన్. డబ్బులు ఇవ్వలేదు, జాకెట్టు గుడ్డ పెట్టారు. కానీ ఆ ఫొటోలు చూసి ఇంకొకరు, వాళ్లని చూసి మరొకరు. ఎందుకు పిలిచేవారంటే నా పనితనం చూసి కాదు. పెళ్లికూతుర్ని చేసేటప్పుడు, మంగళస్నానాలప్పుడు మగ ఫొటోగ్రాఫరుని గదిలోకి రానివ్వరు. నన్నైతే "కాస్త ఈ కుచ్చిళ్లు పట్టుకో అమ్మాయ్" అని లోపలికి లాగేవారు. సగం ఫొటోలు నేను ఒక చేత్తో పిన్నీసు పట్టుకుని, రెండో చేత్తో తీసినవే.

రెండేళ్లు రెండు పనులూ చేశాను. రాత్రి పెళ్లి, పొద్దున షాపు. ఒకసారి నిద్రమత్తులో నెల్లూరు పార్టీ డెబిట్‌ని క్రెడిట్‌లో వేశాను. సేఠ్‌గారు కళ్లజోడు తీసి, "బేటీ, నిద్రొస్తే ఇంటికెళ్లి పడుకో, జీతం కోయను. ఎంట్రీ మాత్రం తప్పు వేయకు" అన్నారు. అలాంటి మనిషి దగ్గర మానేస్తున్నానని చెప్పడానికి నాకు ఏడాది పట్టింది.

ఆ ఏడాదిలోనే పిల్లి సంగతి జరిగింది.

2012 ఫిబ్రవరి, మాఘమాసం. ఉయ్యూరు దగ్గర ఒక పల్లెలో పెళ్లి తీసుకుని తెల్లారి ఇంటికొచ్చాను. కెమెరా టేబుల్ మీద పెట్టి పడుకున్నాను. లేచేసరికి తొమ్మిది. పాప గుమ్మంలో చతికిలబడి మా వీధి పిల్లికూనని ఫొటోలు తీస్తోంది. ముచ్చటేసింది కూడా, పెద్ద కెమెరాని రెండు చేతులా ఎత్తి పట్టుకుందని. తీసుకుని చూద్దును కదా, కార్డులో 31 ఫొటోలున్నాయి. అన్నీ పిల్లివే. పెళ్లి లేదు.

ఆ కెమెరాలో రెండు బటన్ల పక్కన ఎర్ర గుర్తులుంటాయి. ఆ రెండూ కలిపి రెండు సెకన్లు నొక్కి పట్టుకుంటే పైన చిన్న కిటికీలో ఎఫ్, ఓ, ఆర్ అనే మూడక్షరాలు మినుకుమినుకుమంటాయి. అప్పుడు మళ్లీ నొక్కితే కార్డు ఫార్మాట్ అయిపోతుంది. "ఎర్రగా ఉన్నాయి కదా, నొక్కా. లైటు ఆడింది, మళ్లీ నొక్కా" అంది పాప. ఏ తప్పూ లేదు దానిది. కొట్టడానికి చెయ్యెత్తాను. అత్తయ్య దాన్ని కొంగు వెనక్కి లాక్కుని, "వస్తువు నీది, పెట్టిన చోటు నీది. పిల్ల మీదెందుకు?" అన్నారు.

గవర్నర్‌పేటలో కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడొకడున్నాడు. కార్డు పట్టుకుని పరిగెత్తాను. అతను మొదట అడిగింది ఒకటే, "అక్కా, తర్వాత దీంట్లో ఏమైనా తీశారా?" అని. ఫార్మాట్ చేసినా ఫొటోలు వెంటనే చెరిగిపోవట. జాబితా ఒక్కటే పోతుంది, సరుకు లోపలే ఉంటుంది. దాని మీద కొత్తది రాస్తేనే పాతది పోతుంది. నా ఎకౌంట్స్ బుర్రకి బాగా ఎక్కింది. ఇండెక్స్ చింపేస్తే లెడ్జరు పోదు.

సాయంత్రానికి దాదాపు అన్నీ వచ్చాయి. పిల్లి కూర్చున్నంత మేర మాత్రం పోయింది. పోయినవి కార్డు మొదట్లోవి, మంగళస్నానాలవి. ఆడమనిషి తీయాలని నన్ను పిలిచిందే వాటికోసం.

చెప్పకుండా ఆల్బమ్ ఇచ్చేద్దామని ఒక రోజంతా ఆలోచించాను. మర్నాడు ఉయ్యూరు బస్సెక్కాను. పెళ్లికూతురు తల్లి మొహం గంటు పెట్టుకుంది, 2,000 కోసుకుంది. న్యాయమే. ఆ పిల్ల నాయనమ్మ మంచం మీంచి, "పోనీలే, తడిబట్టల ఫొటోలు నలుగురికీ చూపించుకునేవా ఏంటి" అంది. ఆవిడకి నేను ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.

ఆ దెబ్బతో నాకో జబ్బు పట్టుకుంది. ప్రతి పెళ్లీ రెండు హార్డ్ డిస్కుల్లో. ఒకటి బీరువాలో, ఒకటి బియ్యం డబ్బా మీద అటకలో. ఆల్బమ్ ఇచ్చేశాక కూడా చెరపను. డిస్కు నిండితే ఇంకోటి కొనడం. మా వారు "పరాయి వాళ్ల పెళ్లిళ్లు మనింట్లో ఎందుకే దాయడం" అని విసుక్కునేవారు. డిస్కు కొన్న ప్రతిసారీ మా ఇంట్లో చిన్న గొడవ జరిగేది. అదో పద్ధతి.

2013 మే నెలాఖర్న షాపు మానేశాను. సేఠ్‌గారు ఒక పట్టుచీర పెట్టారు. వంకాయ రంగుది.

ఇంక పూర్తిగా ఫొటోలే, దున్నేద్దాం అనుకున్నాను. జూన్ అంతా ఫోను మోగలేదు. ఇద్దరు ముగ్గుర్ని నేనే అడిగాను. "మూఢమి కదమ్మా, ఎవరు పెళ్లిళ్లు చేస్తారు" అన్నారు. ఉద్యోగం మానేసేముందు పంచాంగం చూసుకోవాలని నాకు ఎవరూ చెప్పలేదు. జూన్‌లో గురుమూఢమి, అది వదలగానే ఆషాఢం. రెండు నెలలు సున్నా.

ఒక మధ్యాహ్నం దిగులుగా కెమెరా తుడుచుకుంటుంటే అత్తయ్య పంచాంగం తెచ్చి పక్కన కూర్చున్నారు. మాట్లాడక వారమైంది మేము. "మూఢమంటే ఏంటో తెలుసా? గురుడు సూర్యుడి దగ్గరికెళ్లిపోతాడు. ఆ వెలుగులో మునిగిపోయి మన కంటికి కనపడడు. శుక్రుడైనా అంతే. వాళ్లు కనపడని రోజుల్లో శుభకార్యాలు చేయరు" అన్నారు.

"బ్యాక్‌లైట్ అన్నమాట" అన్నాను.

"అదేంటి?"

ఆవిడని కిటికీకి వీపు పెట్టి నిలబెట్టి ఒకటి తీసి చూపించాను. కిటికీ తెల్లగా మండిపోతోంది, మనిషి నల్లటి బొమ్మలా ఉంది. "ఇంత నల్లగా తగలడ్డానేంటి!" అన్నారు. ఫ్లాష్ వేసి మళ్లీ తీశాను. ఈసారి మొహం వచ్చింది. రెండూ మార్చి మార్చి చాలాసేపు చూశారు. "మరి గురుడికి ఫ్లాష్ వేసేవాడు లేడు కాబట్టి ఆగాల్సిందే" అని పంచాంగం తెరిచారు. వివాహ ముహూర్తాల పట్టిక తీసి, పిల్లల పెన్సిలుతో ఒక్కో తేదీ పక్కన చుక్క పెట్టడం మొదలుపెట్టారు. శ్రావణంలో ఇన్ని, కార్తీకంలో ఇన్ని, మాఘంలో ఇన్ని. "వీటిలో సగం నీకొచ్చినా ఫీజులు వెళ్తాయి. చీటీ మాత్రం వద్దు" అన్నారు.

ఆ మనిషికి పెళ్లి ఫొటో లేదు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో ఇంటితో పాటు అదీ పోయింది. మా వారికి అప్పుడు రెండేళ్లు. ఆయన్ని ఎత్తుకుని బయటపడ్డారు, అంతే. అదేదో పెద్ద విషయంలా ఆవిడ ఎన్నడూ చెప్పలేదు. గోడ మీద మావయ్యగారి ఫొటో ఎందుకు అంత మసగ్గా ఉందని నేనడిగితే, ఐడీ కార్డుది పెద్దది చేయించామని చెప్తూ మాటల్లో వచ్చింది.

శ్రావణం కోసం కాచుక్కూర్చున్నామా, జులై 30న రాష్ట్ర విభజన నిర్ణయం వచ్చింది. ఆగస్టు 12 అర్ధరాత్రి నుంచి ఆర్టీసీ సమ్మె. అక్టోబరు రెండో వారం దాకా బస్సు కదల్లేదు. నేను జీతం వదులుకున్న ఏడాదే మా వారి జీతమూ ఆగింది. రేషను బియ్యం, కొండ మీద వేపచెట్టు కింద కూర్చుని కూరలమ్మే ఆవిడ అప్పు, అత్తయ్య మెళ్లో గొలుసు. వాటి మీద గడిచింది. ఎక్కువ రాయను. ఆ రోజుల్లో మా ఊళ్లో ఎవరింట్లో చూసినా ఇదే కథ.

కానీ ఒకటి రాయాలి. సమ్మెలో ఖాళీగా ఉన్నారని మా వారిని నేను లైటు పట్టుకోవడానికి పెళ్లిళ్లకి తీసుకెళ్లాను. మొదటి పెళ్లిలోనే, స్టేజి మీద గ్రూపు ఫొటోకి నలభై మంది ఎక్కారు. ఎంత చెప్పినా సర్దుకోరు. నేను "కొంచెం దగ్గరగా అండీ, కొంచెం" అంటూ గొంతు పోగొట్టుకుంటున్నాను. ఈయన లైటు స్టాండు నాకిచ్చి ముందుకొచ్చి ఒక్క కేక పెట్టారు. "లోపలికి జరగాలి, లోపలికి! మధ్యలో అంతా ఖాళీయే. ఆ చివర ఫుట్‌బోర్డు మీద ఎవరండీ, పడతారు, పైకి రండి!" నలభై మందీ కిక్కురుమనకుండా సర్దుకున్నారు. పెళ్లికొడుకు నవ్వాపుకోలేకపోయాడు. ఆ సీజన్లో నేను తీసిన గ్రూపు ఫొటోల్లో అందరూ నిజంగా నవ్వుతూ ఉంటారు. ఖర్చు లేని చిట్కా.

సమ్మె అయ్యాక ఆయన డ్యూటీలోకి వెళ్లిపోయారు. లైటు పట్టడానికి ఒక కుర్రాణ్ణి పెట్టుకున్నాను. వాడికి ఆ కేక ఎన్నేళ్లకీ రాలేదు.

పెళ్లి ఫొటోగ్రఫీ అంటే జనం ఇప్పుడు డ్రోన్లు, ప్రీ వెడ్డింగులు అనుకుంటున్నారు. నా మటుకు నాకు అదంతా జీలకర్ర బెల్లం దగ్గర ఉంటుంది. మధ్యలో అడ్డుతెర. ఇటు పిల్ల, అటు పిల్లాడు. పురోహితుడు వాచీ చూస్తుంటాడు. బాజాలు ఒక్కసారిగా గట్టిమేళం అందుకుంటాయి, ఇద్దరూ ఒకరి తల మీద ఒకరు చేయి పెడతారు, తెర దిగుతుంది. చేతులు పైకి లేచి ఉండటంతో మొహాలు సగం కప్పడిపోతాయి. ఆ మోచేతుల సందులోంచి పిల్ల కళ్లెత్తి చూస్తుంది. ఒక్క చూపు. అప్పుడు ఫ్లాష్‌లో సెల్స్ డౌనై ఉంటే మళ్లీ ఛార్జి అయ్యేసరికి ఆ చూపు ఉండదు. అందుకని ముహూర్తానికి పది నిమిషాల ముందు, సెల్స్ ఎంత బాగున్నా సరే, నాలుగూ తీసేసి కొత్తవి వేస్తాను. అప్పుడే వెనక నుంచి మేనత్త కొడుకు సెల్‌ఫోను పట్టుకుని మన భుజం మీద మోచెయ్యి వేస్తాడు. ప్రతి పెళ్లిలోనూ ఒకడుంటాడు. పేర్లు మారతాయి, మోచెయ్యి అదే.

డబ్బుల లెక్కంటారా, మూడు విడతలు. బుక్ చేసుకున్నప్పుడు అడ్వాన్సు, పెళ్లి రోజు కొంత, కరిజ్మా ఆల్బమ్ ఇచ్చినప్పుడు మిగతాది. ఆ మూడోదే రాదు. "మాఘమాసంలో సర్దుతామమ్మా" అంటారు. ఏ సంవత్సరం మాఘమో చెప్పరు. అందుకని అత్తయ్య పంచాంగంలో ప్రతి ముహూర్తం పక్కన ఊరు, ఇంటి గుర్తు, ముట్టింది ఎంత, రావాల్సింది ఎంత అని రాయడం మొదలుపెట్టారు. ఏడాది అయ్యాక పాత పంచాంగాన్ని అందరూ పారేస్తారు. మా ఇంట్లో ట్రంకుపెట్టెలో చేరేది. విజయ, జయ, మన్మథ, దుర్ముఖి, వరసగా.

పిల్లల సంగతి అడుగుతారు అందరూ. నేనేమీ గొప్పగా చూసుకోలేదు. బాబు పదో తరగతిలో ఏ సబ్జెక్టులో ఎన్ని మార్కులో వాడి నాన్నకి తెలుసు, నాకు తెలీదు. ఒక వైశాఖంలో, మైలవరం పెళ్లిలో ఉండగా, పాపకి జ్వరమని ఫోనొచ్చింది. రాత్రి ఒంటిగంట. మా వారు నైట్ హాల్ట్‌లో ఉన్నారు. వచ్చేస్తానన్నాను. "తగ్గింది, నిద్రపోతోంది. నువ్వొచ్చి చేసేదేం లేదు, పని చూసుకో" అన్నారు అత్తయ్య. నమ్మి తీశాను. తెల్లారి వచ్చి చూస్తే తడిగుడ్డల గిన్నె మంచం పక్కనే ఉంది, నీళ్లు ఇంకా చల్లగానే ఉన్నాయి. 103 ఉందట మూడింటి దాకా. ఆవిడ అబద్ధమాడగా నేను విన్నది ఆ ఒక్కసారే అనుకునేదాన్ని.

తర్వాత ఏళ్లు బాగానే నడిచాయి. రాజధాని ఇటు వచ్చాక బెజవాడలో ఫంక్షన్ హాళ్లు పెరిగాయి, పనీ పెరిగింది. డి90 పోయి డి750 వచ్చింది. గాజులు తిరిగొచ్చాయి.

2020లో శార్వరి ఉగాది మార్చి 25న. ఆ రోజే లాక్‌డౌన్ మొదలు. అత్తయ్య అప్పటికే కొత్త పంచాంగంలో ఆరు పెళ్లిళ్లు రాసుకున్నారు. ఒక్కోటీ వాయిదా పడ్డప్పుడల్లా రబ్బరు పెట్టి తుడిచేవారు. ఆ పుస్తకంలో ఆ పేజీలు పలచబడిపోయి వెనక వర్జ్యాలు కనపడతాయి. ఆ ఏడు నాకు అన్నం పెట్టింది మళ్లీ చీరలే. షాపులన్నీ వాట్సాప్‌లో అమ్మకాలు మొదలెట్టాయి, ఫొటోలు తీసేవాళ్లు కావాలి. వస్త్రలత మెట్లెక్కి, తెల్ల పంచె అడిగి తీసుకుని మొదలుపెట్టాను.

2024, క్రోధి. ఏప్రిల్ ఆఖరు నుంచి శుక్రమూఢమి, దాని వెంట గురుమూఢమి, ఆషాఢం. మూడు నెలలకి పైగా ముహూర్తం లేదు. ఈసారి ముందే తెలుసు కాబట్టి సర్దుకున్నాం. శ్రావణంలో ఊపిరాడనన్ని పెళ్లిళ్లు తీశాను. శ్రావణం ఇంకా అవ్వనేలేదు, ఆగస్టు 31న వాన పట్టుకుంది. కొండవాలు ఇళ్లవాళ్లకి వానంటే పైనున్న బండరాళ్ల భయం. ఆ రోజే మొగల్రాజపురంలో కొండచరియ విరిగిపడి మనుషులు పోయారు. రాత్రంతా కూర్చునే ఉన్నాం. మర్నాటికి బుడమేరు వాగు సింగ్‌నగర్ మీద పడింది. ఆ పైరోజు ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటిందన్నారు. సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీ రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి.

నీళ్లు తీశాక రెండు వారాలకి మొదటి ఆవిడ వచ్చింది. అరవై ఏళ్లుంటాయి. 64 మెట్లూ ఎక్కి, గోనెసంచిలోంచి ఆల్బమ్ తీసి నా ముందు పెట్టింది. ఇల్లంతా బురద వాసన. "మా అమ్మాయి పెళ్లిదమ్మా, నువ్వే తీశావు. బాగుచేస్తావేమోనని" అంది.

తడిసిన ఫొటోలు తడిగా ఉన్నప్పుడే మంచినీళ్లలో ఉంచి మెల్లగా విడదీసుకోవాలి, విడివిడిగా ఆరనివ్వాలి. ఫొటో కాగితం మీద బొమ్మ ఉండేది జెలటిన్ పొరలో. తడిస్తే అది జిగురులా ఉబ్బుతుంది, ఆరితే పక్క పేజీకి అతుక్కుపోతుంది. ఆవిడ పాపం మంచి పని అనుకుని ఎండలో ఆరబెట్టింది. అత్తయ్య బేసిన్‌తో నీళ్లు తెచ్చారు. ఒక మూల నానబెట్టి లాగి చూశాను. పెళ్లికొడుకు ఇటు పేజీలో ఉన్నాడు, అతని మొహం అటు పేజీకి అంటుకుని వచ్చింది. ఆపేశాను.

"డిస్కులో ఉంటాయి. పెళ్లెప్పుడు?" అన్నాను.

ఆవిడకి సంవత్సరం గుర్తు లేదు. అమ్మాయి బెంగుళూరులో ఉంది, ఆ నంబరున్న ఫోనూ నీళ్లలో పోయింది. "రథసప్తమి వెళ్లిన మూడోనాడు రాత్రి. పెద్ద మనవడు పుట్టకముందు. చలి బాగా ఉంది" అంది. నా డిస్కుల్లో ఫోల్డర్లన్నీ ఇంగ్లీషు తేదీలు. ఎనిమిది డిస్కులు. ఏ మాఘమని వెతకను?

అత్తయ్య ట్రంకుపెట్టె తెరిచారు. రెండు మూడు పంచాంగాలు తిరగేసి, విజయలో ఆగి, వేలు పెట్టి చదివారు. "మాఘ శుద్ధ దశమి. సింగ్‌నగర్, ఎర్రగేటు ఇల్లు. పిల్ల సన్నం."

"అదేనమ్మా, ఎర్రగేటే! ఇప్పుడది కూడా కొట్టుకుపోయింది" అంది ఆవిడ.

2014 ఫిబ్రవరి 9. అటకలోని డిస్కు తెరుచుకోలేదు, బీరువాలోది తెరుచుకుంది. ఫోల్డరులో 1,140 ఫొటోలు. మొదటిదే మంగళస్నానం. ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుని ఒక్కోటీ చూసింది. మధ్యలో ఒకచోట ఆపమంది. పీటల మీద కాళ్లు కడుగుతున్న ఆయన. "ఈయన పోయి నాలుగేళ్లయింది" అని, చెయ్యి పెట్టబోయి, స్క్రీను మీద మరక పడుతుందనుకుందో ఏమో, వెనక్కి తీసుకుంది. అన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాను. ముఖ్యమైనవి పాతిక ప్రింటు వేయించి పంపుతానన్నాను. కాఫీ తాగి వెళ్లింది. మెట్లు దిగేటప్పుడు పాప ఆవిడకి చెయ్యి ఆసరా ఇచ్చింది. అప్పటికి దానికి 18 ఏళ్లు, కెమెరా ముట్టుకోదు, సీఏ చదువుతాననేది.

వాళ్లు వెళ్లాక పంచాంగం సర్దుతూ ఆ పేజీ చూశాను. "పిల్ల సన్నం" కింద ఇంకో వరస ఉంది. పెన్సిలుతో, గట్టిగా ఒత్తి రాసింది. "ముట్టినవి 7,000. బాకీ 4,000."

"అత్తయ్యా, ఇది చదవలేదేం?" అన్నాను.

"అంతవరకే కనపడింది. కళ్లజోడు ఎక్కడ పెట్టానో ఏమిటో" అన్నారు.

కళ్లజోడు ఆవిడ ముక్కు మీదే ఉంది.